ఇతోమాన్‌లో కూలిన గోడ

"ఎల్లుండి మా ఆయన్ని కోర్టుకు తీసుకెళ్తారండీ. అయిదేళ్ల జైలు తప్పదంటున్నారు. నా మొగుడు ఇనుము దొంగ కాదండీ!"

నాహా పట్టణంలోని ప్రైవేట్ డిటెక్టివ్ తోకషికి ఆఫీసులో కూర్చుని చినెన్ ఉషి మొరపెట్టుకుంది. డిటెక్టివ్ సహాయకురాలు గిబో ఆమె ముందు పెట్టిన టీ చల్లారిపోయింది.

ఉషి భర్త జెన్కో కాంక్రీట్ బ్లాకుల మేస్త్రీ. ఇతోమాన్‌లో ఇషిమినె కమదో అనే ముసలావిడ ఇంటికి రెండేళ్ల కిందట ప్రహరీ కట్టాడు. పన్నెండు రోజుల కిందట తుఫాను వెళ్లిన మర్నాడు ఊరంతా చేసే పనే ఆవిడా చేసింది. సముద్రపు ఉప్పు పోయేలా పరుపులు కడిగి, గోడ పైన కొక్కేనికి కట్టిన తీగ మీద ఆరేసింది. తడి పరుపుల బరువుకి గోడ ఆవిడ మీదికే ఒరిగి, ఆవిడ అక్కడికక్కడే చనిపోయింది. శిథిలాల్లో చూస్తే కింది రెండు వరుసల్లో ఇనుప చువ్వల్లేవు. ఇంకేం, మేస్త్రీ ఇనుము మింగాడని పోలీసులు తేల్చేశారు. వాళ్లకంత తొందరేమిటో!

ఆ మధ్యాహ్నమే తోకషికి, గిబో ఇతోమాన్ వెళ్లారు. కమదో కొడుకు తోకుసే ఎదురొచ్చి వంగి దండం పెట్టాడు.

"మీరేం చేస్తుంటారు?" అన్నాడు తోకషికి.

"బ్లాకుల ఫ్యాక్టరీలోనండీ. పదహారేళ్లుగా అచ్చులోంచి దించి పేర్చడమే పని. గోడ కట్టడం మాత్రం నాకేం తెలీదు."

పక్కింటావిడ కల్పించుకుంది. "ఇలాంటి కొడుకు ఎవరికుంటాడండీ! తుఫానుకి ముందే తల్లి మీద పడకుండా గోడకి దుంగలు ఆనించాడు."

"ఆ దుంగలు తీసిందెప్పుడమ్మా?" అన్నాడు తోకషికి.

"తుఫాను వెళ్లిన మర్నాడు పొద్దున్నే. పాపం, ఆ వెంటనే ఇంత ఘోరం!"

తోకషికి శిథిలాల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒకే పలకగా పడిన పై వరుసల బ్లాకుల్లో చిల్లులు పైకి ఇరుకుగా ఉన్నాయి. నేలనంటి మిగిలిన రెండు వరుసల్లో మాత్రం ప్రతి చిల్లూ పైకి వెడల్పే. గిబో రాసుకుంది కానీ, ఆమెకేం బోధపడలేదు.

మర్నాడు పొద్దున తోకషికి కోరగా అందరూ కమదో ఇంటి పెరట్లో చేరారు. ఇన్‌స్పెక్టర్, బేడీలతో జెన్కో, ఉషి, ఇరుగుపొరుగు.

"ఎంతసేపని నిలబడతాం? తోకుసే, ఆ మూలనున్న కొత్త బ్లాకులు ఓ ఆరు వెయ్యవయ్యా, కూర్చుంటాం" అన్నాడు తోకషికి.

తోకుసే చకచకా వేశాడు. ఎవరూ కూర్చోకముందే తోకషికి చెయ్యెత్తాడు.

"మేస్త్రీ, వీటినిలా వేస్తావా?"

జెన్కో తలెత్తకుండానే అన్నాడు. "వెయ్యనండీ. తలకిందులుగా ఉన్నాయి. దళసరి అంచు, అంటే ఇరుకు చిల్లున్న వైపు, పైకుండాలి, సిమెంటు అక్కడే నిలుస్తుంది."

"చూశారా, ఇన్‌స్పెక్టర్‌గారూ? అచ్చులోంచి వచ్చేటప్పుడు బ్లాకు వెడల్పు చిల్లు పైకే ఉంటుంది. మేస్త్రీ దాన్ని తిప్పి పెడతాడు. నిద్రలో లేపి అడిగినా అలాగే పెడతాడు. ఏమీ తెలియనివాడైతే సగం అలా, సగం ఇలా పెడతాడు. కింది రెండు వరుసలూ ఒక్కటి తప్పకుండా అచ్చులోంచి దిగినట్టే ఉన్నాయి. అది ఫ్యాక్టరీలో పేర్చే చేతి అలవాటు. ఈ తోకుసే మొదట దుంగలు ఆనించి, ఒక్కో బ్లాకే పీకి, చువ్వలు కోసి, కొత్తవి ఇసుకతో ఇరికించాడు. గోడని తుఫాను పడగొట్టకుండా కాపాడుకున్నాడు, తల్లి పరుపులు ఆరేసే పొద్దున దాకా! ఆ పొద్దునే దుంగలు తీశాడు. లోపల ఇనుమున్న గోడకి దుంగలెందుకు, తోకుసే?"

తోకుసే నవ్వాడు.

"అన్నయ్య యుద్ధంలో పోయాడు. 'వాడు చచ్చి నువ్వు మిగిలావేంట్రా' అని అమ్మ రోజూ అన్నం పెడుతూ అడిగేది. ఇరవై మూడేళ్లు అడిగింది." జెన్కో వైపు తిరిగాడు. "నీ మీద నాకేం పగ లేదు మేస్త్రీ. ఎవరో ఒకరు ఇరుక్కోవాలి కదా!"

"ఓరి పాపిష్టివాడా!" అని పక్కింటావిడ గుండెలు బాదుకుంది.

వాణ్ని తీసుకెళ్లారు. బేడీలు విప్పగానే ఉషి భర్తని పట్టుకుని భోరుమంది. "అయిపోయిందండీ, ఇంటికి పోదాం" అంది. ఆయన కదల్లేదు.

"ఒప్పుకుంటూ సంతకం పెట్టేశానే" అన్నాడు.

"ఆ కాగితం చెల్లదులే" అన్నాడు తోకషికి.

"అది కాదండీ. పోలీసులు తొమ్మిది రోజులు అదే అడిగారు. మొదట్లో లేదన్నాను. తర్వాత నాకే గుర్తురావడం మొదలైంది. చువ్వలు పొట్టిగా కోసినట్టు, మిగిలినవి అమ్మినట్టు." అరచేతులు చూసుకున్నాడు. "ఇప్పుడు కూడా గుర్తొస్తోందండీ."