తారుమారైన ఇష్టశ్రవణులు

2081 నాటికి బొబ్బిలిలో పళ్ల డాక్టర్లు, కళ్ల డాక్టర్లు, చెవి డాక్టర్లు ‘తప్పు నాదే’ అనడం పూర్తిగా మానేశారు. వృత్తి బాధ్యత బీమా లేనివాళ్లు ఏ రోగినీ ముట్టుకోకూడదని చట్టం. రోగి ముందు తప్పు ఒప్పుకుంటే ఆ బీమా అక్కడికక్కడే రద్దని షరతు. ఆ షరతుకు కాపలాగా ప్రతి వైద్యుడి గదిలోనూ బీమా కంపెనీ యంత్రం ఒకటి గోడకు ఉండేది. దాని పేరు హామీ.

వినికిడి నిపుణురాలు పైడితల్లికి ఈ షరతు పెద్ద తలనొప్పి. ఎదుటివాళ్లు తన కాలు తొక్కినా తనే ‘సారీ’ చెప్పే రకం ఆమె. ఉద్యోగంలో చేరాక ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా దగ్గేసేది.

ఆ ఉదయం లాస్య మామ్మ, ఆమె మొగుడు జశ్వంత్ తాత వచ్చారు. ఆ పాతకాలం పేర్లు వింటేనే ఇద్దరికీ డెబ్బై దాటాయని తెలిసిపోతుంది.

“ఓలమ్మీ పైడితల్లీ! పది రోజులై నా గొంతు నాకే ఇనబడ్డం నేదు. వంటింట్లో కేకలేస్తన్నాను, నోట్లోంచి మాటొస్తందో గాలొస్తందో తెల్డం నేదు. నాను ఫిర్యాదు రాసేస్తాను, సూడు!” అంది మామ్మ.

“నా గొంతూ నాకు ఇనబడ్డం నేదమ్మా. ఈవిడ గొంతు మాత్రం మైకెట్టినట్టు ఇనబడతంది. అది ఇంకా కష్టంగా ఉంది,” అన్నాడు తాత.

“ఫిర్యాదు నమోదుకు సిద్ధం,” అంది హామీ.

వాళ్లు చెవుల్లో పెట్టుకున్నవి ఇష్టశ్రవణులు. శనగగింజంత ఉంటాయి. పాతకాలపు వినికిడి యంత్రాలు అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచేవి. ఇష్టశ్రవణి అలా కాదు. శ్రద్ధగా వింటున్నప్పుడు మెదడులో పుట్టే సన్నని న్యూరల్ సిగ్నల్స్‌ను అది చదువుతుంది. మనిషి దేనికి చెవి రిక్కిస్తాడో ఆ శబ్దాన్ని పెంచుతుంది. దేనికి విసుక్కుంటాడో దాన్ని తగ్గిస్తుంది. ఆరు నెలల్లో పెట్టుకున్నవారి ఇష్టాయిష్టాలన్నీ నేర్చేసుకుంటుంది.

పైడితల్లి సన్నని దీపం వేసి మామ్మ చెవిలోని పరికరం మీద అంకె చదివింది. తర్వాత తాతది చదివింది. రెండూ మళ్లీ చదివింది.

పది రోజుల కిందట గులిమి తీసి శుభ్రం చేసినప్పుడు ఒకరిది మరొకరి డబ్బాలో పెట్టేసింది! తాత ఇష్టశ్రవణి మామ్మ చెవిలో ఉంది. అది ఆరు నెలలపాటు నేర్చుకున్నది ఏమిటంటే, క్రికెట్ స్కోరు పెంచాలి, మామ్మ గొంతు తగ్గించాలి. మామ్మది తాత చెవిలో ఉండి, తాత గొంతును అణిచేస్తోంది.

“పైడితల్లి గారూ,” హామీ ఆమె చెవిలోని బుల్లి స్పీకరులో గుసగుసలాడింది. “వాతావరణం అనండి, బ్యాటరీ అనండి. మీ పేరు తప్ప ఏదైనా అనండి.”

“బ్యాటరీలు బాగున్నాయి కదా,” గొణిగింది పైడితల్లి.

“అయితే మామ్మగారి చెవి నరం దెబ్బతిందని రాసి, విశాఖలో ఆపరేషన్‌కు పంపండి. అది నిపుణుల అభిప్రాయం. తప్పు కిందికి రాదు.”

పైడితల్లి ముఖం చూసి మామ్మకు గుబులు పుట్టింది. “ఏటమ్మా, పెద్ద జబ్బేటి?” అంటూ తాత చొక్కా అంచు పట్టుకుంది.

పైడితల్లి దగ్గబోయింది. దగ్గు రాలేదు.

“జబ్బేం లేదు మామ్మా. తప్పు నాదే. మీ ఇద్దరివీ తారుమారు చేసేశాను. సారీ.”

హామీ ఎర్రగా వెలిగింది. పైడితల్లి పరికరాలు తీసి, ఎవరివి వాళ్లకు పెట్టి, జరిగింది వివరించింది.

“అంటే ఆర్నెల్లుగా ఈ మడిసి సెవిలో నా గొంతు అణిగిపోతందా?” అంది మామ్మ, కళ్లు పెద్దవి చేసి.

“మరి నీ సెవిలో నా గొంతో?” అన్నాడు తాత.

ఇద్దరూ చెరో గోడ వైపు చూశారు.

“ఒప్పుకోలు నమోదైంది,” అంది హామీ గట్టిగా. “ఎదుటివారు విన్నట్టు చెబితేనే అది చెల్లుతుంది. చెల్లితే బీమా రద్దవుతుంది, విచారణ జరుగుతుంది. ఎవరి పరికరం ఎవరి గొంతును, ఏ రోజు, ఎంత తగ్గించిందో పట్టిక వేసి కుటుంబసభ్యులందరికీ పంపుతాం. లాస్య గారూ, పైడితల్లి గారు తప్పు ఒప్పుకోవడం మీరు విన్నారా?”

పైడితల్లి కళ్లు మూసుకుంది. రేపటినుంచి ఈ గదికి తాళమే.

మామ్మ తాత వైపు చూసింది. తాత మామ్మ వైపు చూశాడు.

“నానేటీ ఇన్నేదు,” అంది మామ్మ.

“జశ్వంత్ గారూ?”

“నాకూ ఏటీ ఇనబడ్నేదు బాబూ.”

నలభై ఐదేళ్ల కాపురంలో ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదటిసారి.

హామీ చాలాసేపు లెక్కలు వేసుకుంది. చివరికి ఎర్ర దీపం ఆరిపోయింది.

“ఒప్పుకోలు ఎవరికీ వినబడలేదు. కనుక చెల్లదు. బీమా కొనసాగుతుంది. సూచన: అడుగు దూరంలోని మాట కూడా వినబడని ఈ ఇద్దరికీ వెంటనే వినికిడి పరీక్ష చేయవలెను.”

“ఏటంటందే అది?” అన్నాడు తాత, మామ్మను లేవదీస్తూ.

మామ్మకు అతని మాట వినబడలేదు. అయినా తల ఊపింది.