మొహం చూసి చెప్పే ధర

వరదానంగారి ఇంట్లో కాఫీ వాసన, ఇనుము చెక్కే లేతు మిషన్ చప్పుడు పొద్దున్నే ఒకేసారి లేస్తాయి. ముందు షెడ్డు, వెనక ఇల్లు. ఏలూరు పవర్‌పేటలో ఆ సందులోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు మొదట్లో చెవులు మూసుకుంటారు. నెల తిరిగేసరికి, ఆదివారం చప్పుడు లేకపోతే తోచడం లేదని వాళ్ళే అంటారు. ఆ రోజు కొడుకు నెల్సన్ మిషన్ మీద ఉన్నాడు. వరదానంగారు వరండాలో పెసరట్టు తింటున్నారు. కోడలు మానస ఎదురుగా లాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

"మావయ్యగారూ, మన గంట ఎంతండీ?"

"ఏ గంటమ్మా?"

"మిషన్ గంటండీ. గంటసేపు లేతు నడిస్తే మనం ఎంత తీసుకుంటాం?"

ఆయన పెసరట్టు ముక్క అల్లం చట్నీలో ముంచి, కాస్త ఆలోచించి అడిగారు. "ఎవరి పనికి?"

మానస నవ్వాపుకుంది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, పెళ్ళికి ముందు ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసిన పిల్ల ఆమె. ఆన్‌లైన్‌లో ఒక సైటు ఉందని వారంరోజులుగా ఇంట్లో చెబుతోంది. పార్టు డ్రాయింగ్ గీసి అందులో పెడితే చాలట. పొడవు, లావు, బరువు అదే కొలుచుకుంటుందట. ఇనుము ఎంత పడుతుందో, మిషన్ మీద ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి ధర చెప్పేస్తుందట. గంట రేటు మాత్రం మనం ఇవ్వాలి.

"ఎవరి పనైనా ఒకటే గదండీ. ఎవరు తెచ్చారో ఇనుముకి తెలుస్తుందా?"

"ఇనుముకి తెలీదమ్మా. నాకు తెలుస్తుంది."

వంటింట్లోంచి సరోజమ్మగారు అందుకున్నారు. "మీ మావయ్యగారు ధర మనిషి మొహంలో చదువుతారమ్మాయ్. ఆ సైట్లో మొహం పెట్టడానికి చోటుందేమో చూడు."

ఎగతాళికి అన్నా ఆ మాట నిజమే. ముప్ఫయ్యేళ్ళుగా ఆ షెడ్డులో అదే పద్ధతి. వచ్చిన పార్టుని ఒకసారి చూస్తే, తెచ్చిన మనిషిని మూడుసార్లు చూస్తారు వరదానంగారు. కారు దిగితే ఒక ధర, సైకిల్ దిగితే ఒక ధర. కష్టంలో ఉన్నవాళ్ళకి ఇనుము ఖరీదు మాత్రమే. పని అయ్యేదాకా ధర చెప్పరు. అయ్యాక పక్కకి తీసుకెళ్ళి, రెండో మనిషికి వినపడకుండా చెప్తారు. అందుకే ఎవరి ధర ఎంతో ఎవరికీ తెలియదు, ఎవరికీ పేచీ లేదు. ఆయనకి పొలాలు లేవు, మేడలు లేవు. "వరదానంగారా, ధర్మాత్ముడండీ" అని ఊళ్ళో నలుగురూ అనే మాట ఒక్కటే ఉంది. దాన్ని చూసుకునే ఆయన తలెత్తుకు తిరుగుతారు.

ఆ పూట అత్తిలిలో పెళ్ళికి వెళ్ళే తొందరలో ఉన్నారు. "ఏదో ఒకటి వేసుకోమ్మా, నాలుగొందలు వేసుకో" అని చెయ్యి కడుక్కుని బయల్దేరారు.

షెడ్డులో అప్పటికి రెండు అరిగిన షాఫ్టులు, మోటారు తిప్పే ఇరుసు కడ్డీలు, ఉన్నాయి. ఒకటి కలిదిండి అబ్బాయిరాజుగారి రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లది. ఆయనకి అలాంటివి ఇరవై కొత్తవి కావాలి. రెండోది పక్కవీధిలో పిండిమర నడుపుకునే యేసమ్మది. మానస రెండింటినీ అరగని చోట చూసి కొలిచింది, డ్రాయింగులు గీసింది, సైట్లో పెట్టింది. రాజుగారి షాఫ్టుకి పదకొండొందలు, యేసమ్మ షాఫ్టుకి వెయ్యిన్నూటయాభై అని వచ్చింది. గంట రేటుతో సహా ఎవరి ధర వాళ్ళ ఫోనుకి పంపేసింది. మావయ్యగారు పెళ్ళినుంచి వచ్చి భేష్ అంటారని అనుకుంది పాపం.

వరదానంగారు పెళ్ళినుంచి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. మర్నాడు పొద్దున్నే రాజుగారి కారు షెడ్డు ముందు ఆగింది. కొల్లేరు దాటి అంతదూరం వచ్చినప్పుడల్లా ఒక కవరుతో రొయ్యలు తెచ్చి సరోజమ్మగారి చేతిలో పెట్టడం ఆయనకి అలవాటు. పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏవండోయ్ వరదానంగారూ, కోడలమ్మ ఫోన్లో ధర పంపిందండీ. పదకొండొందలట."

వరదానంగారి చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది.

"నిరుడు ఇదే షాఫ్టుకి పద్దెనిమిదొందలు తీసుకున్నారు. ఇనుము ధర తగ్గిందాండీ?"

ఇనుము ధర తగ్గలేదు, పెరిగింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వరదానంగారు గొంతు సవరించుకునేలోపే గేటు చప్పుడైంది. యేసమ్మ వచ్చింది. చీరచెంగుకి, మోచేతులకి పిండి అంటుకుని ఉంది. ఆగిన మర శుభ్రం చేస్తూ మధ్యలో పరుగున వచ్చినట్టుంది.

"అన్నయ్యగారూ, ఇదేంటోనండీ, వెయ్యిన్నూటయాభై అని వచ్చింది ఫోన్లో. మొన్న సంకురాత్రికి ముందు ఇదే షాఫ్టు నాలుగొందలకి చేసిచ్చారు గదండీ."

రాజుగారు ఆవిడ వంక చూశారు. వరదానంగారి వంక చూశారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటే ఏమిటో వరదానంగారికి ఆ క్షణాన తెలిసొచ్చింది. తెలిసొచ్చి ఊరుకున్నా బాగుండేది. నోటికొచ్చిన మొదటి మాట అనేశారు.

"అమ్మాయి కొత్తండీ. కొలత తప్పు పెట్టి ఉంటుంది. కంప్యూటర్ లెక్కలు ఏం నమ్ముతాం."

గుమ్మంలో నిలబడ్డ మానస మొహం పాలిపోయింది. "కొలత తప్పు లేదండీ" అంది నెమ్మదిగా.

రాజుగారు చెరువుల లెక్కల్లో ఆరితేరిన మనిషి. ఈ లెక్క ఆయనకి ఎంతసేపు? "అంటే నా దగ్గర ఎక్కువ లాగి ఈవిడకి తగ్గించారన్నమాట."

"అదికాదు రాజుగారూ. మీకు దేవుడిచ్చాడు. కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకూడదంటారు గదండీ, అందుకని..."

"ఎడమచేతికి తెలియకపోతే పోయిందండీ. ఆ కుడిచెయ్యి ఉన్నది నా జేబులో గదా." రాజుగారి గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది. "అడిగితే ఇవ్వనాండీ నేను? వరదానంగారు నోరు తెరిచి అడిగితే కాదంటానా? అడక్కుండా తీసుకున్నారు. అదండీ నా బాధ."

వరదానంగారు ఆశగా యేసమ్మ వైపు తిరిగారు. మేలు పొందిన మనిషి కదా, ఒక మంచిమాట అంటుందనుకున్నారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

"నేనడిగానాండీ తగ్గించమని? మా ఆయన పోయాక మర నేనే తిప్పుకుంటున్నాను. ఒకరి సొమ్ము తినలేదని ధైర్యంగా పడుకుంటున్నాను. రేటు అంతేననుకున్నానండీ. ఇన్నాళ్ళూ ఈ బాబుగారి డబ్బు తిన్నానన్నమాట."

ఆవిడ తన పాత షాఫ్టు తీసుకుని చెంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. రాజుగారు కూడా లేచారు. తన షాఫ్టుని డ్రైవరు చేత కారులో పెట్టించుకుని, "వస్తానమ్మా" అని సరోజమ్మగారికి మాత్రం చెప్పి వెళ్ళారు.

కారు సందు మలుపు తిరిగేదాకా చూసి వరదానంగారు కోడలి మీద విరుచుకుపడ్డారు. "ముప్ఫయ్యేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరమ్మా. ఒక్క మెసేజీతో గంగలో కలిపేశావు. నిన్నెవరు పంపమన్నారు? ఈ షెడ్డుకి నువ్వు యజమానివా?"

నెల్సన్ మిషన్ ఆపేశాడు. "నాన్నా, తను మిమ్మల్ని అడిగే కదా..." అనబోతుంటే మానస వద్దని తల ఊపింది. లాప్‌టాప్ మూసి చేతిలోకి తీసుకుంది. "తప్పయిందండీ మావయ్యగారూ. ఇకమీదట షెడ్డులోకి రాను" అని లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం భోజనంలో రాజుగారి రొయ్యలే. సరోజమ్మగారు చింతచిగురు వేసి వండారు. మామూలు రోజైతే వరదానంగారు రెండుసార్లు మారు వడ్డించుకునేవారు. ఇవాళ కంచంలో అన్నం కెలుకుతున్నారు.

"నేనేం మేడలు కట్టానటే సరోజా? ఉన్నవాడి దగ్గర కాస్త తీసుకుని లేనివాడికి ఇచ్చాను. తప్పా?"

ఆవిడ మజ్జిగ గ్లాసు ముందుపెట్టి ఎదురుగా కూర్చున్నారు. "ఏవండీ, అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత విన్నారా?"

ఆయన మజ్జిగ గ్లాసు పక్కకి జరిపారు.

"దానం రాజుగారు చేశారు. ధర్మాత్ముడన్న పేరు మీకొచ్చింది. దణ్ణాలు మీరు పుచ్చుకున్నారు. ఆ పిల్ల చేసిన పాపమల్లా ఉన్నది ఉన్నట్టు కొలవడం. దానికి నలుగురిలో తప్పు కొలిచిందన్నారు. నాకు అన్నిటికంటే అది బాధగా ఉందండీ."

వరదానంగారు కలిపిన ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. చచ్చేంత సిగ్గేసింది. ఇన్నేళ్ళూ రాత్రి ప్రార్థనలో "నలుగురికీ మేలు చేయించావు తండ్రీ" అని చెప్పుకున్న మాటలన్నీ గుర్తొచ్చాయి. తన జేబులోంచి పోయిందేముంది? పేరు కోసం రాజుగారి డబ్బు వాడారు. ఆ పేరు కాపాడుకోడానికి ఇవాళ కోడల్ని వాడారు. కంటినీరు జారి అన్నంలో పడింది. సరోజమ్మగారు చూసీ చూడనట్టు కూరగిన్నె సర్దుకున్నారు.

చెయ్యి కడుక్కుని ఆయన నేరుగా కోడలి గది గుమ్మం దగ్గరికి వెళ్ళారు. మానస ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"అమ్మాయ్, కొలత తప్పు లేదు. అబద్ధం చెప్పింది నేను."

"పోనీలెండి మావయ్యగారూ."

"పోనీకూడదమ్మా. రాజుగారి ముందు తప్పన్నాను, రాజుగారి ముందే ఒప్పంటాను." ఆయన ఫోన్ తీసి నంబరు కలిపి, అందరికీ వినపడేలా పెట్టారు. "రాజుగారూ, వరదానాన్నండీ. మా కోడలు కొలిచిందే నిజమండీ. నేను మీ దగ్గర ఎక్కువ తీసుకున్నమాటా నిజమే. పొద్దున తప్పు పిల్లమీదకి నెట్టాను. అది అంతకన్నా పెద్ద తప్పండీ. మా అమ్మాయి ఇక్కడే ఉంది, వింటోంది."

మానస చేతిలో మడత సగంలో ఆగిపోయింది.

"వరదానంగారూ, నాకూ అనుమానం ఉండేదండీ," అన్నారు రాజుగారు. "బేరమాడితే పెద్దమనిషి తరహా కాదని నోరు మూసుకున్నాను. నాదీ బడాయేలెండి. రేపు డ్రైవరుచేత షాఫ్టు పంపిస్తాను. కోడలమ్మ చెప్పిన ధరకే చెయ్యండి. ఎవరికైనా సాయం కావాలంటే నాతో చెప్పండి, నా చేత్తో నేనిస్తాను."

ఫోన్ పెట్టేశాక మానస కళ్ళు తుడుచుకుని, "మావయ్యగారూ, మరి యేసమ్మత్తో?" అంది.

"అక్కడికే బయల్దేరుతున్నాను" అన్నారాయన చెప్పులు వెతుక్కుంటూ.

పిండిమర దగ్గర డబ్బాలు పట్టుకుని నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మర ఆగి ఉంది. యేసమ్మ ఎక్కడో చేయించుకోవాలని షాఫ్టు సంచిలో పెట్టుకుంటోంది. వరదానంగార్ని చూసి ముభావంగా నిలబడింది.

"యేసమ్మా, షాఫ్టు ఇయ్యి, చేసిస్తాను. ధర ఫోన్లో వచ్చిందే. వెయ్యిన్నూటయాభై. పైసా తగ్గించను."

"అందరికీ ఇదేనాండీ?"

"అందరికీ గంట రేటు ఒకటే. రాజుగారికైనా అదే."

యేసమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. అబద్ధం లేదని నమ్మకం కుదిరినట్టుంది. చేతుల పిండి దులుపుకుని నడుంమీద చెయ్యేసింది.

"వెయ్యిన్నూటయాభయ్యా? మూరెడు ఇనపకడ్డీకి అంత ఏంటండీ అన్నయ్యగారూ? వెయ్యికి చెయ్యండి."

వరదానంగారు తెల్లబోయారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆయనతో బేరమాడడం అదే మొదటిసారి. "వెయ్యికి రాదమ్మా, ఇనుమే..."

"ఇనుము సంగతి నాకు చెప్పకండి. కరెంటు బిల్లు నేనూ కడుతున్నాను, మీరూ కడుతున్నారు. గంటకి నాలుగొందలట, ఊళ్ళో ఎవరు తీసుకుంటారండీ అంత?"

"ఆయ్, ఎక్కువేనండీ" అంది డబ్బాల దగ్గరనుంచి ఒకావిడ. ఇంకొకావిడ వంత పాడింది. వరదానంగారు ఒక్కరు, అటుపక్క అయిదుగురు. పావుగంట వాదించారు. ఆయనకి ఎంత హాయిగా ఉందంటే, ఓడిపోతున్నానని తెలిసి కూడా కావాలని సాగదీశారు. చివరికి వెయ్యిన్నూటికి తెగింది. పొద్దుట కన్నీళ్ళతో వెళ్ళిన మనిషి ఇప్పుడు గెలిచి, పమిట సర్దుకుని అందరి వంకా చూసి నవ్వుతోంది.

వరదానంగారు అక్కడే నిలబడి కోడలికి ఫోన్ చేశారు. "అమ్మాయ్, వెయ్యిన్నూటికి ఒప్పించేసిందమ్మా. సైట్లో అలా మార్చుకో."

"ఊరికే మార్చకూడదండీ మావయ్యగారూ. గంట రేటు తగ్గించాలి. మళ్ళీ మొదటికి రాకూడదు గదండీ, తగ్గిస్తే అందరికీ తగ్గాలి. రాజుగారి ఇరవై షాఫ్టులకీ తగ్గుతుంది. పర్వాలేదాండీ?"

ఆయన తడి కలిసిన నవ్వుతో, "తగ్గించమ్మా. రేపట్నుంచి ధర నువ్వే చెప్పు, నేను మిషన్ చూసుకుంటాను" అన్నారు.

ఫోన్ జేబులో పెట్టుకుని ఆవిడ వైపు తిరిగి కేకేశారు. "యేసమ్మా, నీ బేరంతో అబ్బాయిరాజుగారికి కూడా ధర తగ్గిందట."

యేసమ్మ సంచిలోంచి షాఫ్టు తీసి ఆయన చేతికిచ్చింది. "అయితే బాబుగారికి చెప్పండన్నయ్యగారూ," అంది, "యేసమ్మ ఇప్పించిందని."