ముక్కు మీద కోపం

"బాగుండాది," అన్నాడు కేశవ.

హొన్నూరప్ప పెనం మీది నుంచి అప్పుడే దిగిన వెన్న దోసె గురించి ఒక మనిషి అంతకంటే ఏమీ చెప్పలేకపోవడం యశస్వినికి మింగుడుపడలేదు.

"ఎట్ల బాగుండాదప్పా?"

"చానా బాగుండాది."

"అబ్బ! ఎంత బాగా చెప్పినారు! హొన్నూరప్ప వింటే గోడ మీద రాయించుకుంటాడు."

కేశవ నవ్వి ఇంకో ముక్క తుంచుకున్నాడు. వెక్కిరింత అర్థం కాలేదో, అర్థమై ఊరుకున్నాడో తెలియలేదు.

పెళ్ళిచూపులు పోయిన ఆదివారమే అయిపోయాయి. కేశవ సొంతూరు హచ్చొళ్ళి. ఇంట్లో వరి మడులున్నాయి, అతనికి సండూరులో ఖనిజం లారీలు తిప్పే ఆఫీసులో ఉద్యోగం. యశస్విని తల్లి సుబ్బరత్నమ్మకు అబ్బాయి నచ్చాడు, వాళ్ళ ఇల్లు నచ్చింది, ఆఖరికి వాళ్ళ పాడి ఎనుములు కూడా నచ్చాయి. "ఒకసారి బయట కూచోని మాట్లాడుకోండి" అన్నారు పెద్దవాళ్ళు. వాళ్ళ మనసులో ఉన్నది గుడి. యశస్విని మనసులో ఉన్నది హొన్నూరప్ప దోసెల అంగడి.

ఆమె బళ్ళారిలో జీన్స్ కుట్టే యూనిట్‌లో క్వాలిటీ చెకింగ్ చేస్తుంది. గుట్టగా పోసిన ప్యాంట్లలో ఒక్క వంకర కుట్టు ఉన్నా పట్టి పక్కన పడేసే కన్ను. డ్యూటీ దిగాక ఆ కన్నును అక్కడే వదిలి రావచ్చు. రాదు, వెంట తెచ్చుకుంటుంది. ఇంతకుముందు వచ్చిన సంబంధం అబ్బాయి, దుర్గక్క బండి మీద అమ్మే ఒగ్గరణెలోకి టమాటా సాస్ అడిగాడు. ఆ సంబంధం సాస్ సీసా దగ్గరే ఆగిపోయింది.

దోసెలయ్యాక అదే దుర్గక్క బండి దగ్గర స్కూటీ ఆపింది యశస్విని. బండంటే చక్రాలు ఎప్పుడో భూమిలో కూరుకుపోయి, చుట్టూ టార్పాలిన్ కట్టుకున్న చిన్న కొట్టు. ఒగ్గరణె కోసం తడిపిన మండక్కి బొరుగులకు ఉల్లిపాయ, పసుపు తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిర్చి బజ్జీలు పెడితే ఊళ్ళో సగం మందికి సాయంత్రం అయినట్టు.

"యారవ్వా ఈ హుడుగ?" అని ఈ పిల్లోడెవరో కన్నడంలో ఆరా తీసింది దుర్గక్క, అతన్ని కిందా మీదా చూస్తూ.

"ఇంకా తేల్లేదక్కా. పరీక్ష నడస్తాండాది."

కేశవ మిర్చి కొరికాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నీళ్ళ గ్లాసు కోసం మాత్రం చెయ్యి చాచలేదు.

"కరకరలాడతాండాది," అన్నాడు.

"పరవాలేదే! కొత్త మాట నేర్చుకున్న్యారు."

తన ప్లేటులోని పెద్ద మిర్చిని అతను మెల్లగా ఆమె ప్లేటులోకి జరిపాడు. తను తినేదానికంటే ఆమె తింటుంటే చూడటమే అతనికి ఎక్కువ పని అయినట్టుంది. యశస్విని చూడనట్టు నటించింది. ఆమె చేతికి ఇంతవరకూ ఇలాంటి సరుకు రాలేదు. ఎంత వెతికినా ఇంకా కుట్టు ఎక్కడా ఊడలేదు. ఆ సంగతి ఆమెకు కొంచెం భయంగా, చాలా సంతోషంగా ఉంది.

ఆ సంతోషం ఎదురుగా ఉన్న టీ హోటల్ దాకా నిలిచింది.

ఆ రోజు అక్కడ పాలు అడుగంటాయి. గ్లాసు నోటి దాకా రాకముందే మాడు వాసన కొట్టింది. పక్క బల్ల మీది ముసలాయన ఒక్క గుక్కకే గ్లాసు దూరంగా నెట్టేశాడు. కేశవ మాత్రం ఊదుకుంటూ, నింపాదిగా సగం తాగేశాడు.

"ఎట్లుండాది టీ?" అంది యశస్విని.

"బాగుండాది."

"నిజంగా?"

"చానా బాగుండాది. మీరు తాగలేదేంది?"

ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాళ్ళమ్మ అంటుంది. ఇప్పుడు అక్కడి నుంచి దూకింది.

"మాడిపోయిన టీ బాగుండాదంటే, ఇందాకటి దోసె బాగుండాదంటే, రెండూ ఒకటేనా నీకు? రేపు నేను విషం కలిపిచ్చినా బాగుండాదంటావా? నా మెప్పు కోసం అబద్ధాలాడేటోడు నాకొద్దప్పా! సాస్ అడిగినోడే నయం, నిజం చెప్పినాడు!"

కేశవ గ్లాసు కింద పెట్టాడు. మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఆగిపోయాడు.

యశస్విని బయటికొచ్చి, ఎటు పోతోందో చూసుకోకుండా వీధి చివరి దాకా నడిచింది. అప్పుడు వాన మొదలైంది. ఏడాదంతా బళ్ళారిని మరిచిపోయి, సరిగ్గా మనిషి రోషంగా నడిచేటప్పుడే గుర్తొచ్చే వాన. మందుల షాపు చూరు కిందకు చేరి చూసుకుంటే చేతిలో స్కూటీ తాళం లేదు. హోటల్ బల్ల మీదే వదిలేసింది. రోషంగా లేచి వచ్చేసేవాళ్ళు ముందు తాళం తీసుకోవాలని ఎవరూ నేర్పరు.

తడుస్తూ వెనక్కి పరుగెత్తింది. హోటల్లో కేశవ లేడు, తాళం లేదు. "ఆ యప్ప తీసుకోని మిర్చి అంగడి తట్టు పాయ," అన్నాడు ముసలాయన.

దుర్గక్క కొట్టుకు నాలుగు వైపులా టార్పాలిన్ దించేసి ఉంది. యశస్విని దాన్ని పైకి లేపింది. గుప్పుమని గ్యాస్ వాసన. లోపల దుర్గక్క లేదు. కేశవ పొయ్యి ముందు వంగి ఉన్నాడు. అతని చేతిలో లైటరుంది.

"కేశవా! వద్దు!"

ఆమె అతని చెయ్యి పట్టి లాగిన ఊపుకు లైటరు బురదలో పడింది. ఒక్క ఉదుటున సిలిండర్ కట్టేసి, టార్పాలిన్లన్నీ పైకి లాగేసింది. వాన జల్లు లోపలికి కొట్టింది. ఇద్దరూ వానలో నిలబడ్డారు.

మండక్కి మూట తడవకుండా పక్కింటి వసారాలో పెట్టి వస్తున్న దుర్గక్క, చీలిన గ్యాస్ పైపు చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో దేవరే! పొయ్యి ముట్టించప్పా, ఇదో వస్తానని నేనే చెప్తి!"

"ఇంత వాసన వస్తాంటే ముట్టిస్తావా? నీకు ముక్కుందా లేదా?" అని అరిచింది యశస్విని.

"లేదు," అన్నాడు కేశవ.

యశస్విని అతని వైపు తిరిగింది.

"కరోనా వచ్చిపోయినప్పుడు దాంతోపాటే పాయ. ఉప్పు, కారం, పులుపు, తీపి నాలిక్కి తెలుస్తాయి. వాసన ఏదీ తెలీదు. మొదట సూసిన సంబంధంలో చెప్పినా. ఆ యమ్మ నవ్వె. తర్వాత మా ఇంట్లోనే చెప్పొద్దన్న్యారు." తాళం ఆమె చేతిలో పెట్టాడు. "మీరు తింటాంటే సూస్తి. దోసె ఇట్ల ఉండేది కదా, తాలింపు ఇట్ల ఉండేది కదా అని ఒకొకటే గుర్తొస్తాండె. అందుకే బాగుండాదన్న్యా. టీ సంగతి మాత్రం నాకు నిజంగా తెలీదు."

అతను మొహం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు.

"నేను వద్దని మీ ఇంట్లో చెప్పండి. ముక్కు పనిచేయదని చెప్పండి. అబద్ధాలకోరని మాత్రం చెప్పొద్దండి."

"ఏం చెప్పాల్నో నువ్వు నేర్పించొద్దు," అంది యశస్విని. గొంతులో వెటకారం తేవాలని చూసింది, సరిగా రాలేదు. గిన్నె అడుగున మిగిలిన చల్లటి ఒగ్గరణె ప్లేటులో పెట్టి అతని ముందుకు తోసింది. "తిను. కండ్లు మూసుకో. ముందు నిమ్మకాయ వాసన వస్తాది. దాని ఎనకాలే పుట్నాల పొడి, ఏంచిన పుట్నాలు గదా, కమ్మగ ఉంటాది. అడుగున కరివేపాకు. అన్నిటికీ ఆఖర్న దుర్గక్క చీరకు పట్టిన నూనె వాసన."

"ఏయ్!" అంది దుర్గక్క.

కేశవ కళ్ళు మూసుకునే నమిలాడు. చాలాసేపు నమిలాడు. కళ్ళు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. ఈసారి మిర్చి తినలేదు కాబట్టి ఆ నెపం పనికిరాదు.

ఇంటికెళ్ళి తల్లికి అంతా చెప్పింది యశస్విని. గ్యాస్ దగ్గర సుబ్బరత్నమ్మ "ఓరి నాయనో" అంది. వాసన తెలియదన్న దగ్గర మాత్రం చేస్తున్న పని ఆపి ఆలోచించింది.

"అంటే నేనేం వండినా బాగుండాదంటాడా?"

"లేదు, ఇంక నిజమే చెప్తాడు. ఉప్పు, కారం తెలుస్తాయంట."

"మీ నాయనకు ముక్కూ ఉంది, నాలికా ఉంది. నన్ను కట్టుకున్నప్పట్నించీ ఒక్కపొద్దన్నా బాగుండాదన్న్యాడా? ఆ రెండూ ఉండి ఏం ఎలగబెట్టినాడు? చేసుకోవే, బంగారమట్ల పిల్లోడు."

వసారాలోంచి యశస్విని తండ్రి నారప గొంతు వినిపించింది. "సుబ్బరత్నా, కాఫీలో చక్కెర తక్కువాయ."

"సూసినావా?" అంది సుబ్బరత్నమ్మ.

యశస్విని మేడ మీదికెళ్ళి కేశవకు ఫోన్ చేసింది.

"మా యమ్మ ఒప్పుకున్న్యాది."

"మరి మీరు?"

"నేను ఒప్పుకోకుండానే మా యమ్మ దాకా పోతాదా? వాసనతోపాటు బుద్ధి కూడా పాయనా నీకు?"

కేశవ నవ్వాడు. బళ్ళారిలోనే ఉన్నాడట, ఆమె మాట తెలిసేదాకా సండూరు బస్సు ఎక్కలేకపోయాడట. "రేపు యాడికి పోదాం?"

"కౌల్ బజార్‌కు. ముక్కల్లేని బిర్యానీ అన్నం, కుష్కా తినిపిస్తా. వాసన సంగతి నేను సూసుకుంటా, కారం సంగతి నువ్వు సూసుకో. ఇంకోటి, నన్ను మీరు మీరు అనొద్దు."

"సరే యశూ," అన్నాడు కేశవ.