పిప్పిలో ప్రాణం

శాస్త్రవేత్త ఉషాదేవి కోవిడ్ వార్డులో కన్నుమూసిన రోజునే, ఆల్థాన్ పేటలోని ఆమె ల్యాబ్ ఫ్రిజ్‌లోంచి ఒక గాజు గొట్టం మాయమైంది.

"అందులో ఉన్నది బతికున్న ఫంగస్," ఫోన్‌లో భరద్వాజ్‌కు నిఘా విభాగం చీఫ్ రమణ చెప్పాడు. "చెరకు పిప్పిని పేగులకు మేలుచేసే పీచుపొడిగా మారుస్తుంది. విదేశీ ముఠా దాన్ని దేశం దాటిస్తే, ఆ పొడిని మనమే వాళ్ల దగ్గర కొనుక్కోవాలి. ఉన్నది అదొక్కటే. ప్రాణంతో తీసుకురా."

"అలాగే సార్."

"భరద్వాజ్... మీ అక్క ఉషాదేవి గురించి..."

"పని అయ్యాక మాట్లాడదాం సార్."

ముఠా సరుకు బయటికి వెళ్లేది ఊరి శివార్లలో కడోదరా హైవే మీది పార్సిల్ గోడౌన్ నుంచే; అక్కడ భరద్వాజ్ తానెవరో చెప్పకుండా శానిటేషన్ సూపర్‌వైజర్‌గా చేరాడు. బయటికి వెళ్లే ప్రతి వస్తువునూ గేటు దగ్గర తెరవాలి, కోవిడ్ క్రిములు చావడానికి మందు కొట్టాలి. ఆ రూల్ పెట్టింది అతనే. వెతకడానికి అంతకన్నా మంచి సాకు లేదు. గేటు దగ్గర స్ప్రే పంపు పట్టుకునేది సిరిసిల్ల నుంచి వచ్చిన కొమురవ్వ.

"అన్నం డబ్బాలు గూడనా సార్?"

"అవి కూడా. నాదైనా వదలొద్దు."

"గట్లయితే నీ డబ్బతోనే షురూ జేస్త."

రోజులు గడిచాయి. పెట్టెల్లో చీరలు, చీరలు, మళ్లీ చీరలు. చీఫ్ ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే జవాబు: ఇంకా దొరకలేదు.

ఒక మధ్యాహ్నం ఎర్ర కారు ఆగింది. ముఠాలో పనిచేస్తూ చీఫ్‌కు కబుర్లు అందించే మౌక్తిక దిగింది. పట్టుచీర, దానికి మ్యాచింగ్ మాస్క్.

"చెరకు తీపెంత?"

"పిప్పిని అడగాలి."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "డ్రైవర్ టిఫిన్ డబ్బా, అడుగు గిన్నె. లారీ కదులుతోంది."

భరద్వాజ్ వాచీ మీది బటన్ నొక్కాడు. లారీ ముక్కు ముందు గేటు ధడేల్మని మూసుకుంది. డ్రైవర్ దూకి పరుగెత్తాడు. మఫ్టీలో ఉన్న పోలీసులు పట్టుకున్నారు.

గేటు దగ్గర అప్పటికే ఆ డబ్బా తెరిచేసిన కొమురవ్వ గాజు గొట్టం పట్టుకుని ఎదురొచ్చింది.

"దొర్కింది సార్! డ్రైవర్ భయ్యా అన్నం డబ్బల దాచిండు. దూది మూత తీసి లోపల గూడ మంచిగ కొట్టిన. ఒక్క పురుగు బతుకది!"

గొట్టంలోంచి బ్లీచింగ్ వాసన వచ్చింది. భరద్వాజ్ దాన్ని వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచి పని చేశావమ్మా," అన్నాడు చివరికి.

"మరి గా ముఖమేంది సార్?"

సాయంత్రం చీఫ్‌కు ఫోన్ చేశాడు. "గొట్టం దేశం దాటలేదు సార్."

"ప్రాణంతో ఉందా?"

"శుభ్రంగా ఉంది సార్."

పీచుపొడి తయారు కాలేదు. పిప్పి ఇంకా చక్కెర మిల్లుల బాయిలర్లలోనే కాలుతోంది. అక్క గురించి భరద్వాజ్ ఇంతవరకూ ఎవరితోనూ మాట్లాడలేదు.