డైరీలో గంటన్నర

పొద్దున్నే ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి సాగుతాయి. అల్లుడు కిటికీ దగ్గర నిలబడి యూనిఫారం చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు. కూతురు భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరుస్తుంది. తల్లి అదే బల్లకు ఈ చివర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంది. బల్ల చూస్తే అంతంత మాత్రం. చిక్కుడుకాయలు అటు జరిగితే కంప్యూటర్ ఇటు జరగాలి, కంప్యూటర్ జరిగితే టీ గ్లాసు పైకెత్తి పట్టుకోవాలి.

ఆ తల్లి ముప్పై ఏళ్లు సర్కారు ఆస్పత్రిలో నర్సుగా చేసింది. రిటైరై పదేళ్లవుతున్నా వీధిలో ఆమెను ఇంకా నర్సమ్మ అనే పిలుస్తారు. పిల్లలకు జ్వరం వస్తే ఇప్పటికీ ముందు ఆమె చేతనే నుదురు ముట్టించుకుంటారు. కూతురు చిట్టి ఆరోగ్య శాఖలోనే పనిచేస్తుంది గానీ మందుల వాసన తెలియని పని. అల్లుడు బస్సు నడుపుతాడు.

చిట్టి పని నర్సమ్మకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. కంప్యూటర్లో కొండలు, వాగులు, బాటలు, ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారన్నది, ఆస్పత్రి ఎక్కడుందన్నది, అన్నీ దుప్పటి మీద దుప్పటి పరిచినట్టు పరుస్తుంది. ఏ ఊరివాళ్లు నడిచి ఎంతసేపట్లో ఆస్పత్రికి చేరతారో అది లెక్కగట్టి రంగులు వేస్తుంది. రెండు గంటల్లోపు చేరగలిగితే పచ్చ, దాటితే ఎరుపు. ఆ రంగులు చూసే పైవాళ్లు ఎక్కడ ఆస్పత్రి కట్టాలో, ఎక్కడ మూసేయాలో తేలుస్తారు.

అయితే కంప్యూటరుకు కాళ్లు లేవు కదా. ఏ బాట మీద మనిషి ఎంత వేగంగా నడుస్తాడో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే మూడు నెలల కిందట చిట్టి తల్లి మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగింది. అందులో నర్సమ్మ డ్యూటీ డైరీలు ఉన్నాయి. ఏ రోజు ఏ ఊరికి, ఎన్నింటికి బయలుదేరింది, ఎన్నింటికి చేరింది, ఎన్నింటికి తిరిగొచ్చింది, అంతా నీలం సిరాతో గుండ్రటి అక్షరాల్లో ఉంది. తన రాతలు కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయని ఆవిడ వీధి చివరి కిరాణా కొట్టుదాకా వెళ్లి చెప్పుకొచ్చింది.

వారం రోజులుగా మాత్రం చిట్టి ముభావంగా ఉంది. అడిగిందానికి జవాబు చెప్పి ఊరుకుంటోంది. పని ఒత్తిడేమోలే అనుకుంది నర్సమ్మ.

"సోమవారం మీటింగన్నావు. అయిపోయిందా పని?"

"అయిపోయినట్టే."

"ఏదీ, ఒకసారి చూపించు. నేను తిరిగిన ఊళ్లన్నీ ఉన్నాయా?"

చిట్టి కంప్యూటర్ను ఆమె వైపు తిప్పింది. నర్సమ్మ కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగింది. వాగు గుర్తుపట్టింది. వాగు పక్కన కింది ఊరు, అందులో తాను పనిచేసిన ఆస్పత్రి. అక్కడినుంచి వేలితో బాట పట్టుకుని పైకి పోయింది. కొండమీది ఊరి దగ్గర వేలు ఆగింది. అక్కడ పచ్చగా ఉంది.

"ఇదేంటే, పచ్చ వేశావు?"

"కింది ఆస్పత్రికి గంటన్నర నడకే కదా. రెండు గంటల్లోపే."

"అయితే ఏమవుతుంది?"

"పైన నాలుగు వందల మందే ఉన్నారు. వాళ్ల కోసం పైనున్న చిన్నాసుపత్రి విడిగా అక్కర్లేదని మూసేస్తారు. అక్కడి నర్సును ఎరుపు ఉన్న ఊరికి పంపిస్తారు. సోమవారం ఖరారవుతుంది."

నర్సమ్మ చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ చిన్నాసుపత్రి కోసం ఆమె పన్నెండేళ్లు అర్జీలు పెట్టింది. ఉద్యోగం ఇంకో రెండేళ్లు ఉందనగా వచ్చింది. రెండు గదులు, ఒక మంచం, ఒక నర్సు. తలుపులు తీసిన రోజున పైన ఆడవాళ్లంతా వచ్చి ఆ మంచం మీద వంతులవారీగా కూర్చుని చూసుకున్నారు.

"అది తప్పు," అంది.

"ఏది?"

"వానాకాలంలో వాగు పొంగుతుంది. దాటలేరు."

"వంతెన కట్టి నాలుగేళ్లయిందమ్మా. అది కూడా వేశాను."

"ఏటవాలు ఎక్కువ. నీ కంప్యూటరుకు కొండంటే ఏం తెలుసు?"

చిట్టి కుర్చీ వెనక్కి జరిపింది. "తెలుసు. ఎత్తు చూసుకుని అది తనంతట తాను మూడు గంటలు అంది. నువ్వు గంటన్నర అని రాశావు. ఒకసారి కాదు, వారం వారం, పదిహేనేళ్లు. నేను కంప్యూటర్ మాట కొట్టేసి నీ మాట పెట్టాను. ఆఫీసులో అందరి ముందూ మా అమ్మ పుస్తకం తప్పు చెప్పదు అని చెప్పాను. ఇప్పుడు నువ్వే తప్పంటావేంటి?"

నర్సమ్మ చేతిలోని చిక్కుడుకాయను గిన్నెలో వేసింది. రిటైరైన రోజున పెద్ద డాక్టరుగారు పూలదండ వేసి అన్న మాట అదే. ఈవిడ పుస్తకంలో నిమిషం తేడా ఉండదు అని. ఆ మాటను ఆమె పదేళ్లుగా బంగారంలా దాచుకుంది. చుట్టాలందరికీ చెప్పింది, అల్లుడికైతే పెళ్లిచూపుల నాడే చెప్పింది.

"మాట్లాడవేం?" అంది చిట్టి. "నేను కూడా ఒకటి అడుగుతాను. వారం నుంచి అడగలేక చస్తున్నాను. గురువారాలు నువ్వు కొండమీదికి వెళ్లేదానివి. ప్రతి గురువారం తిరిగి రాక నాలుగు గంటలకు అని ఉంది. ఆస్పత్రికీ మన ఇంటికీ పది నిమిషాల దూరం. నేను బడినుంచి వచ్చి పక్కింటివాళ్ల మెట్ల మీద కూర్చునేదాన్ని. వాళ్లు లోపల దీపం వేసుకున్నాక కూడా అక్కడే కూర్చునేదాన్ని. నాలుగింటికి వచ్చినదానివి చీకటి పడేదాకా ఎక్కడున్నావమ్మా?"

ఇస్త్రీపెట్టె దగ్గర అల్లుడు కదలకుండా నిలబడిపోయాడు. చొక్కా కాలిన వాసన వచ్చాక గానీ తేరుకోలేదు.

"చిట్టీ, ఏంటా మాటలు," అన్నాడు.

"మీరు ఊరుకోండి. నాకూ తెలియాలి. నాన్న పోయాక నాకు మిగిలింది ఈవిడొక్కతే. ఇంటికి రావాలని అనిపించేది కాదా? నన్ను చూడాలని ఉండేది కాదా?"

నర్సమ్మ లేచింది. చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పంపు నీళ్లు వదిలింది, కట్టేసింది, మళ్లీ వదిలింది. తప్పు రాశానంటే పది మందిలో నిలబెట్టుకున్న పేరు పోతుంది. రాయలేదంటే కొండమీద మంచం పోతుంది. ఆ రెండింటి గురించీ ఆవిడ అంతసేపు ఆలోచించలేదు. మెట్ల మీద కూర్చున్న పిల్లే ఆవిడ కళ్లకు అడ్డం పడుతోంది. రెండు జడలు, మోకాలి మీద పలక. వీధి మలుపు తిరగగానే కనిపించేది. అమ్మ చేతులకు స్పిరిట్ వాసన వస్తోందని ముక్కు చిట్లిస్తూనే ఆ చెయ్యి వదిలేది కాదు.

తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్క కుర్చీలో కూర్చుంది.

"నడుస్తున్నానే," అంది.

"ఏంటి?"

"ఎక్కడున్నావని అడిగావు కదా. నడుస్తూ ఉన్నాను. అది గంటన్నర నడక కాదు. నా కాళ్లలో బలం ఉన్న రోజుల్లో కూడా మూడు గంటలు పట్టేది. నువ్వు నిద్ర లేవకముందు ఐదున్నరకు బయలుదేరి ఏడు అని రాసేదాన్ని. మూడింటికి దిగడం మొదలుపెట్టి రెండున్నర అని రాసేదాన్ని. చీకటి పడ్డాక వచ్చి నాలుగు అని రాసేదాన్ని."

"అబద్ధం రాశావా? నువ్వా?"

"అబద్ధమే. అప్పట్లో ఒక రూలుండేది. నర్సు పొద్దున వెళ్లి నాలుగింటికల్లా తిరిగి రాగలిగిన ఊళ్లనే ఆమె వంతులో పెట్టేవాళ్లు. అంతకంటే దూరమైతే జాబితాలోంచి కొట్టేసేవాళ్లు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ నాతో దారంతా దిగింది. ఈ రాయి దగ్గర నా చెల్లెలు పోయింది, ఈ మలుపులో ఫలానావాళ్ల కోడలు పోయింది, కాన్పు నొప్పులతో కిందికి మోసుకొస్తుంటే అని చూపించుకుంటూ వచ్చింది. అలా ఐదు చోట్లు చూపించింది. నేను ఆస్పత్రికి వచ్చి డైరీ తెరిచాను. ఉన్నదున్నట్టు రాస్తే మళ్లీ గురువారం నుంచి ఆ ఊరికి ఎవరూ వెళ్లరు. గంటన్నర అని రాశాను. ఆస్పత్రి తాళం నా చేతిలోనే ఉండేది. డాక్టరుగారు మూడింటికే వెళ్లిపోయేవారు. అడిగేవాళ్లెవరు?"

"నాకు చెప్పి ఉండొచ్చుగా."

"చిన్నపిల్లవు, ఎక్కడైనా అనేస్తావని భయం. పెద్దయ్యాక ఎందుకులే అనుకున్నాను. ఆ తర్వాత నా మెడలో దండ వేసి నిమిషం తేడా ఉండదన్నారు. ఇక నోరు పెగల్లేదు."

చిట్టి కంప్యూటర్ పక్కనున్న డైరీ మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు కారి ఆ చేతి మీద పడుతున్నాయి. నర్సమ్మ కొంగుతో తుడవబోయి డైరీనే తుడిచింది.

అల్లుడు కాలిన చొక్కా భుజాన వేసుకుని దగ్గరికొచ్చాడు. "నా బస్సు పావుగంట ఆలస్యమైతే ముగ్గురికి సంజాయిషీ రాసిస్తాను. అత్తయ్య పదిహేనేళ్లు రెండు గంటలకు పైగా ఆలస్యంగా వచ్చి కూడా టైముకే వచ్చారు. నాకు ముందే చెప్పకూడదా అత్తయ్యా, నేర్చుకునేవాణ్ని."

ఏడుస్తూనే చిట్టి నవ్వింది. నవ్వుతూనే మళ్లీ ఏడ్చింది.

సోమవారం నర్సమ్మ కూతురితో పాటు మీటింగుకు వెళ్లింది. పొడుగాటి బల్ల, గోడ మీద పెద్ద తెర, చుట్టూ పది మంది. అధికారి పద్ధతైన మనిషే, విసుక్కోలేదు. మొత్తం విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అయితే మీరు ప్రభుత్వ రికార్డులో తప్పు రాశారని ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకుంటున్నాను బాబూ. కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను."

"అప్పుడు గంటన్నర అన్నారు, ఇప్పుడు మూడు గంటలంటున్నారు. అమ్మా, తప్పుగా అనుకోకండి. ఇప్పటి మాట మాత్రం ఎందుకు నమ్మాలి?"

"నమ్మొద్దు బాబూ. ఎవరినైనా నడిపించండి. నా మోకాళ్లు బాగుంటే నేనే నడిచి చూపించేదాన్ని."

చిట్టి చెయ్యెత్తింది. "నేను నడుస్తాను సార్," అంది.

ఆ గురువారమే నడిచింది. పొద్దున్నే ఎక్కి, పైన నర్సుగా ఉన్న అమ్మాయిని పలకరించింది. దిగేటప్పుడు, కింది ఆస్పత్రిలో చూపించుకోవాల్సిన ఒక ముసలాయనతో కలిసి, ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. తాను ఎక్కడానికి మూడు గంటల పది నిమిషాలు పట్టింది. ఆయనతో దిగడానికి నాలుగు దాటింది. దారిలో ఆయన ఏడుసార్లు కూర్చున్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి కంప్యూటర్లో కొండమీది ఊరు ఎర్రబడింది. మూసే జాబితాలోంచి దాని పేరు తీసేశారు. అలాగే అధికారి ఇంకో మాట కూడా అన్నాడు. పాత డైరీల ప్రకారం పచ్చ వేసిన ఊళ్లన్నింటికీ మనుషుల్ని నడిపించి చూడాలని. చిట్టికి మూడు నెలల పని మళ్లీ మొదటికొచ్చింది. దానికామె గొణగలేదు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మంచం మీద వెల్లకిలా పడిపోయింది. పాదాలకు బొబ్బలు, పిక్కలు రాళ్లయ్యాయి. నర్సమ్మ నూనె వేడిచేసి తెచ్చి, కూతురి పాదాలు ఒళ్లో పెట్టుకుంది.

"నెమ్మదిగా అమ్మా. అబ్బా."

"ఊరుకో. పొగరుగా చెయ్యెత్తినప్పుడు లేదా నొప్పి?"

"ఎక్కేటప్పుడు ఏం కాలేదు. దిగేటప్పుడే ప్రాణం పోయింది."

"దిగేటప్పుడే ఎక్కువ. మోకాళ్లు వణుకుతాయి. ఇన్నేళ్లలో ఆ మాట నాతో అన్నది నువ్వొక్కదానివే."

చిట్టి పైకప్పు వైపు చూసింది.

"నిన్న ఇంటికొచ్చి మంచినీళ్లు కూడా తెచ్చుకోలేకపోయాను. ఆయనే తెచ్చిచ్చారు. నువ్వు వచ్చి పొయ్యి వెలిగించేదానివి. వండి, నాకు పెట్టి, జడ విప్పి దువ్వి, పాఠం అప్పజెప్పించుకునేదానివి. నేను మూతి ముడుచుకుని కూర్చునేదాన్ని. ఆ కాళ్లతో ఎలా నిలబడ్డావమ్మా?"

నర్సమ్మ కూతురి మడమ మీద బొటనవేలు ఆనించి మెల్లగా రుద్దింది.

"నీకు ఆకలేస్తూ ఉండేది కదే," అంది.