పదును లేదన్న రోజు

పొద్దున్నే ఉప్పుగూడ స్టేషన్‌లో బండి కూత వేసేసరికి స్రవంతి వంటగదిలో ఉల్లిగడ్డతో కుస్తీ పడుతోంది. ఆమె చేతిలో ఉన్నది మామగారు కృష్ణయ్య స్వయంగా చేసిన కత్తి. అది ఉల్లిగడ్డను కోయదు, పిసుకుతుంది. ఇంకాస్త గట్టిగా నొక్కితే పక్కకు జారుతుంది.

బజారులో కొన్న మంచి కత్తి ఒకటి గోధుమపిండి డబ్బా వెనక దాగి ఉంది. మామగారు మిద్దె మీద ఉన్నంతసేపు స్రవంతి దానితోనే కూరలు తరుగుతుంది. ఆయన మెట్లు దిగే చప్పుడు వినపడగానే కత్తి మారిపోతుంది. ఇవాళ మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. పెద్దాయన వంటగది గడప దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఎట్ల కోస్తుంది బిడ్డా?"

"మస్తు కోస్తుంది మామయ్యా. ఎంత పదునో!"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ముక్కలన్నీ నలిగి నీళ్లు కారుతున్నాయి. కృష్ణయ్య వాటినీ కోడలి మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

కుర్రతనం నుంచీ పాలవ్యాపారం చేసిన మనిషి ఆయన. చీకటితో లేచి బర్రెల పాలు పిండి, సైకిలు మీద క్యాన్లు కట్టుకుని గల్లీలన్నీ తిరిగేవాడు. నిరుడు గుండెకు స్టెంట్ వేశారు. కొడుకు నందు హడలిపోయి బర్రెలను అమ్మేశాడు. బాపు గేటు దాటకూడదన్నాడు, బరువు ఎత్తకూడదన్నాడు. ఆపైన ఇంట్లో అందరికీ ఒక హుకుం జారీ చేశాడు. "బాపుకు ఫికర్ పెట్టే మాట ఒక్కటి గూడ అనొద్దు. ఏమడిగినా బాగుందనుండ్రి." ఆనాటి నుంచి ఆ ఇంట్లో అన్నీ బాగున్నాయి. మనుషులకే ఊపిరాడడం లేదు.

పొద్దుపోక పెద్దాయన ఫోన్లో కత్తులు చేసే వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. మిద్దె మీద నాలుగు ఇటుకలు పేర్చి బొగ్గుల పొయ్యి చేసుకున్నాడు. ఆకురాయి తెప్పించుకున్నాడు. ఖాళీ అయిన బర్రెల కొట్టం గేటుకున్న ఇనుప పట్టీని ఊడదీసి, రోజుల తరబడి అరగదీసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మొదటి కత్తి చేశాడు. నందు ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టాడు. "సూపర్ బాపూ!" అన్నాడు. వాడుకోవాల్సింది స్రవంతి కదా, అతనికేం పోయింది!

ఇవాళ ఎదురుగా కూర్చున్న మామగారి కోసం ఆమె సోరకాయ మీద బలమంతా పెట్టి నొక్కింది. కత్తి సర్రున జారి ఎడమ బొటనవేలి మీద పడింది. గట్టంతా రక్తం.

"అయ్యో బిడ్డా! ఎంత పని జేసిన నేను!" కృష్ణయ్య కుర్చీ తోసేసి లేచాడు.

నందు పరుగెత్తుకొచ్చి భార్యను ఆస్పత్రికి తీసుకెళ్లి కుట్లు వేయించాడు. తిరిగి వచ్చాక తండ్రి పక్కన కూర్చుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "నువ్వు కత్తి మస్తు చేసినవ్ బాపూ. గని గంత పదునుంటే ఇంట్ల డేంజర్. ఇగ బంజెయ్, మంచిగ రెస్ట్ తీస్కో." మిద్దె తలుపుకు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు.

"గట్లనే కానీ," అన్నాడు కృష్ణయ్య. మంచం మీద కిటికీ చువ్వల వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు, రాత్రీ ముట్టలేదు.

తెల్లారాక అత్త కొమురమ్మ కోడలి దగ్గరికి వచ్చి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బిడ్డ చెయ్యి కోసినోనికి బువ్వెందుకంటుండే. ఏమన్న చెప్పరాదే నువ్వన్న?"

స్రవంతి వేలు సలుపుతోంది. దానికంటే ఆ మాట ఎక్కువ సలిపింది. నిజం చెబితే ఇన్నాళ్లూ ఆడిన అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే, చేయని తప్పుకు ఆయన తనను తాను కాల్చుకుంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నుయ్యి తవ్వింది తామేనని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం బలవంతాన ఆయన్ని నందు పక్కనే పీట మీద కూర్చోబెట్టి ఇద్దరికీ కంచాలు పెట్టారు. కృష్ణయ్య అన్నంలో వేళ్లు పెట్టి కదలకుండా ఉన్నాడు.

"మామయ్యా," అంది స్రవంతి. "ఆ కత్తికి పదును లేదు."

నందు కళ్లతోనే ఆపబోయాడు. ఆమె అటు చూడలేదు.

"పదును లేకనే జారింది. ఒక్క ఉల్లిగడ్డకే మొద్దువడ్తది. మీరు లేనప్పుడు నేను వేరే కత్తి వాడుతున్న. మీకు అబద్ధం చెప్పిన మామయ్యా, అందరం చెప్పినం."

"నీకు దిమాక్ ఉందా?" నందు గొంతు లేచింది. "డాక్టర్ ఏం చెప్పిండో మర్చిపోయినవా?"

"డాక్టర్ ఉప్పు తగ్గియ్యమన్నడు. అబద్ధాలు తినిపియ్యమని చెప్పలే!"

"బాపూ, అది ఊకనే అంటుంది. నీ కత్తి..."

"నువ్వు నోర్ముయ్!" అన్నాడు కృష్ణయ్య. బెదిరిన బర్రెను ఒక్క అదిలింపుతో ఆపిన ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో. కొమురమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మెత్త ఇనుముకు పదును నిలవదని వీడియోల ఆయన ముందుగాల్నే చెప్పిండు," అన్నాడాయన మెల్లగా. "నాకెరుకే. కొట్టం ఇనుమని పాణం ఆగక చేసిన. మీరేమంటరోనని చూసిన. బాగుందన్నరు. ఉల్లిగడ్డ పిసికినట్టయితుంటే గూడ బాగుందన్నరు. అప్పటిసంది నాకు వేరే భయం పట్టింది."

"ఏం భయమయ్యా?" అంది కొమురమ్మ.

"మా నాయన పోయేటప్పుడు మేం గిట్లనే జేసినం. ఆయన ఏమన్నా సరే అన్నం. సచ్చెటోనికే గదా ఎవ్వరు ఎదురు చెప్పరు? నా గుండె గూడ బాగుందనే అంటుండ్రు. కత్తి బాగున్నట్టే గుండె బాగుందేమో అనుకున్న. పండుకున్నప్పుడల్లా, మళ్ల లేస్తనో లేవనో అనుకుంట కండ్లు మూస్తున్న."

నందు చేతిలో ముద్ద కంచంలో జారిపడింది. తండ్రిని కాపాడుతున్నానని ఇన్నాళ్లూ విర్రవీగాడు. తన ప్రేమే ఆ మనిషిని రోజూ చంపుతోందని అప్పుడు తెలిసింది. "బాపూ... నాకు భయమైంది బాపూ, నువ్వు ఏమైపోతవో అని," అంటూ వలవలా ఏడ్చాడు.

"ఏడ్వకు. నా గుండె సంగతి చెప్పు. నీ పెండ్లాం కత్తి సంగతి చెప్పినట్టు చెప్పాలె."

నందు ముక్కు తుడుచుకున్నాడు. "స్టెంట్ మంచిగనే ఉంది. షుగర్ పెరిగింది. ఇంట్ల కూసోబెట్టినందుకు డాక్టర్ నన్ను తిట్టిండు. నడవకుంటే ఇంకో నరం బందయితదన్నడు. నేనే నీకు చెప్పలే."

"షుగరుందా!" కృష్ణయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదాల మీద నవ్వొచ్చింది. షుగరున్నందుకు అంతగా సంబరపడ్డ మనిషి ఆ గల్లీలో మరొకడు ఉండడు. "గిది ముందల చెప్తే అయిపోతుండె గదరా. షుగరున్నోడు బతుకుతడు!"

నందు మిద్దె తాళంచెవి తీసి తండ్రి కంచం పక్కన పెట్టాడు. పెద్దాయన దానివైపు చూడను కూడా చూడలేదు. కంచం దగ్గరికి లాక్కుని కోడలి వైపు తిరిగాడు.

"ఇగ చెప్పు బిడ్డా. ఇంకేం బాగలేదు దానికి?"

స్రవంతి భర్త వైపు చూసింది. అతను తల ఊపాడు.

"పిడి లావున్నది మామయ్యా. నా పిడికిట్ల పట్టది."

కృష్ణయ్య ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. "ఆఁ."

"వెనక బరువెక్కువ. చెయ్యి గుంజుతుంది."

"నాకైతే దాని రూపే నచ్చలే," అంది కొమురమ్మ, గరిటెతో పప్పు వేస్తూ. "కత్తా, బర్రె నాలుకనా అది!"

ఆయన నవ్వాడు. నవ్వుతుంటే కళ్లు కారుతూనే ఉన్నాయి, ఎడంచేత్తో తుడుచుకుంటూ తింటూనే ఉన్నాడు. స్రవంతి ఇక చాలేమోనని ఆగింది. ఆయన తలెత్తి, "ఇంకా?" అన్నాడు.