చెవులు మూసుకున్నప్పుడు చెప్పిన మాట

పొద్దున్నే బోణీ కాకముందే ఒక అమ్మాయి వచ్చి షాపు పైకప్పు ఎగిరిపోయేలా మాట్లాడితే ఎవరికైనా కోపం రావాలి. కళ్యాణ్‌కి మాత్రం చెమటలు పట్టాయి.

"మీరిచ్చిన హెడ్‌ఫోన్లు నాకు పనికిరాలేదు."

కర్నూలు వన్ టౌన్‌లో వాళ్ళ నాన్న నాగసుబ్బయ్య నడిపే ఎలక్ట్రానిక్స్ షాపు అది. 2006 ఎండాకాలం. వారం కిందట ఆ అమ్మాయికి షాపులోకెల్లా మంచి హెడ్‌ఫోన్లు తానే ఏరి ఇచ్చానని కళ్యాణ్ మహా సంబరపడి ఉన్నాడు.

"అవి బెంగళూరు నుంచి తెప్పించినవి మేడం. బ్యాటరీతో పనిచేసి బయటి శబ్దాన్ని కొట్టేస్తాయి. విమానంలో పోయేవాళ్ళు పెట్టుకుంటారు."

"మా ఇంట్లో విమానం లేదు. నాపరాళ్ళు కోసే మిషను ఉండాది. అది గుంయ్యిమనే మోత పోయింది, కాదనను. దాంతో పక్కింటి ఈరక్క ఎవర్ని తిడతాండాదో ముందుకంటే శుభ్రంగా వినపడ్తాండాది."

గల్లాపెట్టె దగ్గర నాగసుబ్బయ్య పకపకా నవ్వాడు. కళ్యాణ్‌కి తల కొట్టేసినట్టయింది.

"మీరు కొంచెం కోపం తగ్గించుకుంటే..."

"నాకు కోపం యాడుండాది? నా గొంతే ఇంత. మా ఇంట్లో మెల్లగా మాట్లాడితే ఎవరికీ వినపడదు." అని ఆమె చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించింది. "అరిచినట్టు ఉండిందా?"

ఆ అడిగిన తీరుకు కళ్యాణ్ కరిగిపోయాడు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. అప్పుడు తెలిసింది సంగతంతా.

ఆమె పేరు సుచరిత. ఊరు బేతంచెర్ల. నాన్న పోయాక వాళ్ళమ్మ రాజ్యలక్ష్మమ్మే ఇంటి పక్కనున్న రాళ్ళ ఫ్యాక్టరీ నడుపుతోంది. సుచరిత మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుంటోంది. అమెరికా డాక్టర్లు నోట్లో నోట్లో చెప్పుకునే మాటలు విని తప్పులేకుండా టైపు కొట్టాలి. కర్నూలు సెంటర్లో పరీక్ష ఒకసారి పోయింది. ఈసారి గట్టెక్కితే అక్కడే ఉద్యోగం. పోతే బెంగళూరులో పెద్దమ్మ ఇంటికి వెళ్ళి ఇంకేదో కోర్సులో చేరాలి.

"నాకు ఈ పని ఇష్టం. బెంగళూరు ఇష్టం లేదు," అంది సుచరిత. "మిషను కొంచెంసేపు ఆపమంటే మా అమ్మ ఆపదు. పనివాళ్ళు ఊరికే కూర్చోవాల కదా, ఆమెదీ తప్పు కాదు."

ఆ నెలంతా ఆమె కర్నూలు క్లాసుకు వచ్చినప్పుడల్లా షాపుకు వచ్చేది. కళ్యాణ్ ఒక జత ఇచ్చేవాడు. షాపులో బ్రహ్మాండంగా ఉండేది. బేతంచెర్లకు పోతే ఎందుకూ కొరగాకపోయేది.

"రబ్బరువి చెవిలో దోపుకునే రకం ఎట్లుండాయి?"

"నేను ఊపిరి పీల్చేది నాకే వినపడ్తాండాది. డాక్టరు తప్ప అందరూ వినపడ్తాండారు."

"వాల్యూం పెంచి చూడండి."

"పెంచితే మోత పోదు, నా చెవులు పోతాయి. మీరు నిజంగా ఈ షాపాయనేనా?"

ఇలాంటి మాటలు పడటానికి కళ్యాణ్ పొద్దున్నే తల దువ్వుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆమె రాని రోజు షాపు బోసిగా ఉండేది. అయినా ఆ మాట ఎలా చెప్తాడు? ఆ అమ్మాయి బతుకు పరీక్ష దగ్గర వేలాడుతుంటే మధ్యలో తన ప్రేమగోల ఏమిటని తననే తిట్టుకున్నాడు. ఒక రకంగా మంచివాడే.

ఆఖరికి నాగసుబ్బయ్యే అన్నాడు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బోర్డు రాయించింది మీ తాత. పనికిరాని సరుకు అమ్మమని రాయించలేదు. ఆ పిల్ల ఇంట్లో మోత ఎట్లుంటాదో పోయి చూసిరా."

మరునాడు కళ్యాణ్ సంచినిండా హెడ్‌ఫోన్లతో బేతంచెర్ల బస్సెక్కాడు.

ఫ్యాక్టరీ గేటు దాటగానే మోత గుండెల్లో తగిలింది. తిరిగే రంపం రాయిని కోస్తోంది, నీళ్ళు చిమ్ముతున్నాయి, నేలంతా తెల్లటి బురద. కొంగు బొడ్లో దోపుకుని నిలబడ్డ రాజ్యలక్ష్మమ్మ దూరం నుంచే ఏదో అంది. అటుపక్క మిషను నడిపే ఉరుకుందు తలూపి కళ్యాణ్‌కి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె ఏమన్నదో కళ్యాణ్‌కి ఒక్క ముక్క వినపడలేదు.

సుచరిత కంప్యూటరు వసారాలో ఉంది. ఒక్కో జతా పెట్టుకుని వింటూ పెదవి విరిచింది. చివర్లో కళ్యాణ్ ఒక పాతకాలపు రకం తీశాడు. సోకు లేదు, బ్యాటరీ లేదు. చెవి మొత్తాన్ని కప్పేసే మందమైన మెత్తలు, తలను గట్టిగా పట్టుకునే పట్టీ. పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్ళు తప్ప ఎవరూ అడగరు.

ఆమె పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి.

"డాక్టరు వినపడ్తాండాడు," అంది ఊరంతా వినేలా. "దగ్గేది కూడా వినపడ్తాండాది."

ఇక వెనక్కి తిరగకుండా స్క్రీను చూస్తూ టకటకా టైపు కొట్టసాగింది. కళ్యాణ్ ఆమె వెనకాల ఫ్యాక్టరీ వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. సంతోషంగా ఉంది, దిగులుగానూ ఉంది. తనతో పని తీరిపోయింది, ఇక షాపుకు ఎందుకొస్తుంది? ఆమె చెవులు మూసి ఉన్నాయి, బయటేమో మిషను మోత. ఇంతకంటే క్షేమమైన చోటు దొరకదనుకున్నాడు.

"సుచరితా, నువ్వు పాసవ్వాల," అన్నాడు పైకే, తనకు తాను. "అయినా కాకపోయినా నిన్ను చూడకుండా ఉండేది నా చేత కాదు. నువ్వంటే నాకు శానా ఇష్టం."

గుండె బరువు దిగింది. సరిగ్గా అప్పుడే మిషను ఆగిపోయింది.

"కరెంటు పోయిందామ్మా?" అన్నాడు కళ్యాణ్.

"పోలేదప్పా. నేనే ఆపినా." రాజ్యలక్ష్మమ్మ చేతులు తుడుచుకుంటూ వసారా మెట్ల దగ్గరకు వచ్చింది. "ఇప్పుడు ఏదో చెప్పినావే, అది మళ్ళా చెప్పు."

"నేనేం చెప్పలేదమ్మా."

"చెప్పినావు సారూ," అన్నాడు ఉరుకుందు. "చూడకుండా ఉండేది నా చేత కాదంటివి. ఈ మోతలో మేము పెదాలు చూసే మాట్లాడుకుంటాం. మా అందరికీ తెలిసిపోయింది."

రాళ్ళు మోసేవాళ్ళు తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాపం కళ్యాణ్ చెవుల గురించి అంత ఆలోచించినవాడు, కళ్ళ గురించి ఆలోచించలేదు.

సుచరిత హెడ్‌ఫోన్లు తీసి అందరినీ చూసింది. "మిషను ఏంటికాపినారు?"

"ఈ అబ్బాయి నీకొక మాట చెప్పాలంట."

"నా పరీక్షకు ఆపమంటే ఆపలేదు కదమ్మా."

"నీ చదువుకు ఆపాలంటే నెలంతా ఆపాల, ఇంతమందికి పని పోతాది. దీనికి ఒక్క నిమిషం చాలు," అంది తల్లి. "మగపిల్లోడు ఇంత మర్యాదగా చెప్పుకునేది నేను చూడలేదు. ఇప్పుడు పోతే మళ్ళా చెప్తాడని నమ్మకం లేదు."

కళ్యాణ్ చెప్పాడు. మొదటిసారి కంటే తడబడ్డాడు గాని ఒక్క మాటా దాచలేదు. సుచరిత తల దించుకుని వింది.

"ఇప్పుడు బదులు చెప్పను," అంది. "ఇప్పుడు సరే అంటే బెంగళూరు తప్పించుకునేకి అన్నానంటారు. ఎప్పుడో ఒకనాడు మీకూ అనిపిస్తాది. పరీక్ష కానీండి."

"పాసైతే?"

"కర్నూలుకు వచ్చి మీ నాయన ముందరే చెప్తా."

"పాసవ్వకపోతే?"

"బెంగళూరు నుంచి ఫోన్ చేసి చెప్తా."

"ఏమని?"

సుచరిత హెడ్‌ఫోన్లు మళ్ళీ తలకు పెట్టుకుంది. ఒక చెవి మీది మెత్త మాత్రం కొంచెం పైకెత్తి పట్టుకుంది.

"యాడ నుంచి చెప్పినా మాట ఒకటే," అంది. "ఇంక చదువుకోనీండి."

రాజ్యలక్ష్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని ఉరుకుందుకు చెయ్యి ఊపింది. మిషను మళ్ళీ తిరిగింది.